హొసే పదియా పాటలు: ఏ రికార్డింగుతో మొదలుపెట్టాలి?

చార్లీ చాప్లిన్ 'సిటీ లైట్స్' చూసినవాళ్ళకి హొసే పదియా పేరు తెలియకపోవచ్చు కానీ, ఆయన రాగం ఒకటి చెవిలో ఉండే ఉంటుంది. పూలమ్మే అంధురాలు తెర మీదికి వచ్చినప్పుడు మెల్లగా ఊగుతూ వినిపించే ఆ బాణీ చాప్లిన్ కట్టింది కాదు. ఆ సినిమా 1931లో వచ్చింది. అప్పటికే పదిహేనేళ్ళకు పైగా స్పెయిన్ రంగస్థలాల మీద, పారిస్ సంగీతశాలల్లో మోగుతున్న పాట అది. పేరు 'లా వియొలెతెరా', అంటే వయొలెట్ పూలమ్మే పిల్ల. కట్టినవాడు హొసే పదియా.

ఇంతవరకు తెలిశాక ఎవరికైనా పదియా పాటలు వినాలనిపిస్తుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది. వెతికితే ఒక్క 'లా వియొలెతెరా'కే గరగరలాడే పాత డెబ్భై ఎనిమిది ఆర్పీఎం రికార్డులు, 1950ల సినిమా పాటలు, టాంగో బృందాలు, మిలిటరీ బ్యాండ్లు, పేరు తెలియని వాద్యబృందాలు అన్నీ ఒకేసారి ఎదురవుతాయి. వాటిలో ఏది విన్నామన్నదాన్ని బట్టి పదియా మీద మన అభిప్రాయం పూర్తిగా మారిపోతుంది. ఒకటి వింటే గొప్ప కథకుడనిపిస్తాడు, ఇంకోటి వింటే హోటల్ లాబీలో మోగే సంగీతం రాసినవాడనిపిస్తాడు. అందుకే ఈ పోలిక.

ముందు మనిషి గురించి నాలుగు మాటలు. 1889లో దక్షిణ స్పెయిన్ సముద్రతీరంలోని అల్మెరియాలో పుట్టాడు, 1960లో మాద్రిద్‌లో కన్నుమూశాడు. మధ్యకాలంలో బార్సెలోనా రంగస్థలాలు, పారిస్ రివ్యూలు (పాటలు, నాట్యాలు, హాస్యం కలిపిన రంగస్థల ప్రదర్శనలు) ఆయన పని చోట్లు. ఆయన పాటల్లో ప్రపంచమంతా తిరిగినవి నాలుగు: 1914 నాటి 'ఎల్ రెలికారియో', అదే కాలపు 'లా వియొలెతెరా', 1924లో ఒక సార్సువేలా (మాటలూ పాటలూ కలిసిన స్పెయిన్ సంగీత నాటకం) కోసం కట్టిన 'వలెన్సియా', 1926లో పారిస్ సంగీతశాల మూలాన్ రూజ్ రివ్యూ కోసం కట్టిన 'సా సె పారీ'. చివరి పాటను పారిస్ వాళ్ళు తమ ఊరి పాటగానే పాడుకుంటారు. దాన్ని కట్టినవాడు అల్మెరియా మనిషి అని తలుచుకునేవాళ్ళు తక్కువ.

పదియా గాయకుడు కాడు. ఆయన మనకు దొరికేది ఇతరుల గొంతుల్లో, ఇతరుల వాద్యబృందాల్లోనే. కాబట్టి ఏ పాట వినాలన్నదానికన్నా ముందు ఎవరు పాడింది వినాలన్నది తేల్చుకోవాలి.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

శబ్దం ఎంత పాతది. 1925కి ముందు రికార్డింగుకి మైకు లేదు. గాయని పెద్ద కొమ్ములోకి పాడితే, ఆ గాలి అదురుకే సూది కదిలి మైనం మీద గీత గీసేది. మంద్రస్వరాలు సగం పోయేవి, వయొలిన్లు ఎక్కడో దూరాన వినిపించేవి. 1925 తరువాత మైకు వచ్చింది, గొంతుకి ఒళ్ళు వచ్చింది. 1950లకి టేపు, ఎల్పీ వచ్చేసరికి ఇప్పటి చెవికి కూడా హాయిగా ఉండే శబ్దం తయారైంది. పాత నాటక పద్యాల గ్రామఫోన్ రికార్డులు విని పెరిగిన తెలుగు చెవికి ఆ గరగర పెద్ద అడ్డం కాదు. పద్యం ఎక్కడ విరిగింది, రాగం ఎక్కడ తీశారన్నది గరగర వెనకనుంచే పట్టుకున్న చెవి అది. అలవాటు లేనివాళ్ళకి మాత్రం మొదటి పది సెకన్లకే విసుగొస్తుంది, అందులో వాళ్ళ తప్పేమీ లేదు.

మాటలు ఎంత ముఖ్యం. నా లెక్కలో అన్నిటికన్నా బరువైనది ఇదే. పదియా పాటల్లో పేరొచ్చిన రెండు, 'రెలికారియో', 'వియొలెతెరా', కుప్లేలు. మూడు నాలుగు నిమిషాల్లో ఒక పాత్రను నిలబెట్టి, ఒక కథ చెప్పి ముగించే రంగస్థల పాటను కుప్లే అంటారు. గాయని ఒక్కతే, వేషం ఒక్కటే, పాత్ర ఒక్కటే. కథ తెలియకుండా వింటే బాణీ మాత్రమే దక్కుతుంది. 'వలెన్సియా' అలా కాదు. మాట ఒక్కటీ తెలియకపోయినా కాలు ఆడుతుంది.

పాట ఏ చోటి కోసం. రంగస్థలానికా, సినిమాకా, డాన్స్ హాలుకా, కచేరీకా? ఒకే బాణీ చోటు మారితే వేగం మారుతుంది, వేగం మారితే అర్థమే మారిపోతుంది.

దొరకడం. ఇది చాలామంది అనుకునేంత కష్టం కాదు. ఆ కాలపు డిస్కులు ఎన్నో ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ, స్పెయిన్ జాతీయ గ్రంథాలయం వాళ్ళ డిజిటల్ విభాగంలోనూ, ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వాళ్ళ 'గాలికా'లోనూ ఉచితంగా వినొచ్చు. సినిమా పాటలు యూట్యూబ్‌లో ఉన్నాయి.

## ఒక్క చూపులో

| ఎవరి రికార్డింగు | కాలం | ముఖ్యమైన పాటలు | బలం | లోటు | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|---|
| రకేల్ మెలెర్ | పాత డిస్కుల కాలం | లా వియొలెతెరా, ఎల్ రెలికారియో | మాట స్పష్టత, నటన | గరగర, పలుచని శబ్దం | కథ కోసం వినేవాళ్ళకి |
| సారా మొంతియెల్ | 1957, 1958 | అవే రెండు | మంచి శబ్దం, దృశ్యం | నెమ్మది, అసలు కాలపు ధోరణి కాదు | మొదటిసారి వినేవాళ్ళకి |
| సిటీ లైట్స్ సంగీతం | 1931 | లా వియొలెతెరా | మాట అక్కర్లేదు | పాట పూర్తిగా లేదు | సినిమా ఇష్టులకి |
| మిస్తాంగెత్, పాల్ వైట్‌మన్ | 1926 ప్రాంతం | వలెన్సియా, సా సె పారీ | ఊపు | కథ తక్కువ | నాట్యం, జాజ్ ఇష్టపడేవాళ్ళకి |
| టెనర్లు (హెచ్చుస్థాయిలో పాడే మగ గాయకులు) | 1920ల నుంచి | ప్రిన్సెసితా, వలెన్సియా | గొంతు | పాత్ర కనపడదు | శాస్త్రీయ గాత్రం ఇష్టులకి |

పట్టిక తొందరలో ఉన్నవాళ్ళ కోసం. అసలు తేడాలు కింద ఉన్నాయి.

## రకేల్ మెలెర్: కథ ముందు, గొంతు తరువాత

1888లో ఆరగోన్ ప్రాంతంలోని తారసోనాలో పుట్టి, 1962లో బార్సెలోనాలో పోయిన ఈ గాయనే పదియా పాటలను స్పెయిన్ హద్దులు దాటించింది. ఆ రెండు కుప్లేలను మొదట పాడినవాళ్ళు వేరే ఉన్నారు, కానీ జనం గుర్తుపెట్టుకున్నది మెలెర్‌నే. పారిస్ ఆమెను నెత్తిన పెట్టుకుంది. 1926లో అమెరికా వెళ్ళినప్పుడు ఏప్రిల్ 26 నాటి 'టైమ్' పత్రిక ముఖచిత్రం ఆమెదే. స్పానిష్ ముక్క రాని జనం కూడా థియేటర్లు నింపారు.

ఆమెది పెద్ద గొంతు కాదు. సన్నగా, మాటకి చాలా దగ్గరగా ఉంటుంది. 'లా వియొలెతెరా' పాడుతున్నప్పుడు పూలబుట్టతో వచ్చి ప్రేక్షకుల మీదికి వయొలెట్లు విసిరేదట. రికార్డులో పూలు కనపడవు కానీ, ఆ చేతి కదలిక గొంతులో తెలుస్తుంది. ఎదువార్దో మొంతెసీనోస్ రాసిన మాటలు ఇలా సాగుతాయి: వసంతం రాబోతోందని ముందే చెప్పే పిట్టల్లా మాద్రిద్ వీధుల్లోకి పూలమ్మే పిల్లలు వస్తారు, వాళ్ళ కేకలు వానకోయిలల కిచకిచల్లా ఉంటాయి. తరువాత పల్లవిలో పాత్ర నేరుగా మాట్లాడుతుంది: తీసుకోండి దొరా, ఒక్క రియాలే, కోటు బొత్తానికి పెట్టుకోండి. మొదటి భాగంలో దూరం నుంచి చూస్తున్న మనిషి, పల్లవికి వచ్చేసరికి మన ఎదుట నిలబడి బేరమాడుతున్న పిల్ల. ఈ మలుపును మెలెర్ రాగంతో కాదు, ఉచ్చారణతోనే చూపిస్తుంది. పదియా బాణీ కూడా అందుకే అలా ఉంది. చరణం నడుస్తుంది, పల్లవి ఆగి మనవైపు తిరుగుతుంది.

'ఎల్ రెలికారియో'లో ఇంకా పెద్ద కథ ఉంది. ఆర్మాందో ఒలివెరోస్, హొసే మరియా కాస్తెల్వీ రాసిన పాట. పండగ రోజున ఒక ఎద్దుల పోరు వీరుడు ఒక అమ్మాయి నడవడానికి తన అంగవస్త్రం నేల మీద పరుస్తాడు. నీ పాదం మోపిన ఆ చిన్న ముక్కను కత్తిరించి తాయెత్తులో దాచుకుంటానంటాడు. ఆపై ఒక ఏప్రిల్ సోమవారం అతను బరిలో ఎద్దు కొమ్ములకు బలవుతాడు. చచ్చిపోతూ రొమ్ము మీదనుంచి ఆ తాయెత్తు తీస్తాడు. పదియా చేసిన పని చూడండి: మొదటిసారి సరసంగా వినిపించిన పల్లవే, మాట మారకుండా, స్వరం మారకుండా చివర్లో మరణవాక్యంగా తిరిగొస్తుంది. బాణీ అంతటా పాసోదోబ్లే నడక, అంటే ఎద్దుల బరిలో బ్యాండు వాయించే అదే నడక. వీరుడు బరిలోకి వచ్చేటప్పుడు మోగే లయలోనే అతని చావు కూడా. ఈ సంగతి తెలియాలంటే పాడేవాళ్ళు రెండు పల్లవులనూ రెండు రకాలుగా పాడాలి. మెలెర్‌లో ఆ తేడా ఉంది. ఈ పాట పాడినవాళ్ళలో చాలామందికి అది పట్టదు, రెండుసార్లూ ఒకే హుషారు.

లోటు శబ్దమే. ఆమె డిస్కు దొరికినప్పుడు ఏడాది చూసుకోండి. 1925 తరువాతిదైతే మొదటిసారికి అది మేలు. అంతకన్నా పాతదైతే హెడ్‌ఫోన్స్ వద్దు, గదిలో స్పీకరు మీద వినండి. గరగర గాలిలో కలిసిపోయి గొంతు ముందుకొస్తుంది.

## సారా మొంతియెల్: పాత పాటకి కొత్త ఒళ్ళు

1950ల నాటికి కుప్లే ముసలివాళ్ళ జ్ఞాపకంగా మిగిలింది. లిలియన్ దె సెలిస్ అనే గాయని రేడియోలో ఆ పాటలు మళ్ళీ పాడి కొంత ఊపిరి పోసింది. ఆ తరువాత 1957లో హువాన్ దె ఓర్దూన్యా తీసిన 'ఎల్ ఉల్తిమో కుప్లే' వచ్చింది. తక్కువ ఖర్చుతో తీసిన సినిమా. కథానాయిక సారా మొంతియెల్ అప్పటికే మెక్సికోలో, హాలీవుడ్‌లో నటించి వచ్చింది. పాటలు తనే పాడింది. సినిమా విరగబడి ఆడింది, స్పెయిన్ అంతా మళ్ళీ కుప్లేలు పాడుకోవడం మొదలుపెట్టింది. 'ఎల్ రెలికారియో' అందులో ఉంది. మరుసటి ఏడాది లూయిస్ సేసర్ అమదోరి దర్శకత్వంలో ఏకంగా 'లా వియొలెతెరా' పేరుతోనే సినిమా వచ్చింది. పూలమ్మే సొలెదాద్‌గా మొంతియెల్, ఆమెను ప్రేమించిన పెద్దింటి ఫెర్నాందోగా ఇటాలియన్ నటుడు రాఫ్ వల్లోనే. కథ పంతొమ్మిదో శతాబ్దం చివర్న మొదలవుతుంది, అప్పటికి పదియా ఇంకా పదేళ్ళ పిల్లవాడు. ఆ పాట మాద్రిద్‌కి ఎంతగా అంటుకుపోయిందంటే, కాలం తేడా ఎవరికీ పట్టలేదు.

మొంతియెల్ గొంతు మంద్రంలో ఉంటుంది. నెమ్మదిగా, ప్రతి మాటనూ సాగదీసి, చెవి దగ్గర చెబుతున్నట్టు పాడుతుంది. మెలెర్ పూలమ్మే పిల్ల అయితే, మొంతియెల్ ఆ పూలు కొనడానికి మగాళ్ళు వరసకట్టే నాయిక. పాసోదోబ్లే నడక ఆమె చేతిలో దాదాపు నిద్రలో నడకలా మారుతుంది. 'రెలికారియో'లో చావు కూడా మెత్తగా వస్తుంది. వెనక తీగవాద్యాలు నిండుగా ఉంటాయి.

ఇది పదియా అనుకున్న పాటేనా? నేననుకోవడం, కాదు. 1914 నాటి ప్రేక్షకుడు గాయని కళ్ళలోకి చూసి కథ విన్నాడు. 1957 ప్రేక్షకుడు క్లోజప్‌లో ముఖం చూశాడు. కెమెరా అంత దగ్గరగా ఉన్నప్పుడు గొంతు పెంచి పాత్ర కట్టాల్సిన అవసరం లేదు, ఊపిరి చాలు. ఆ మార్పును అర్థం చేసుకుని పాడింది కాబట్టే మొంతియెల్ గొప్పది. అరిగిపోయిన పాటను తన కాలానికి సరిపోయేలా మళ్ళీ కుట్టింది.

ఈ రెండింటిలో ఒకటే ఎంచుకోమంటే నా సలహా సూటిగా ఇది. పాత రికార్డుల అలవాటు లేనివాళ్ళు మొంతియెల్‌తో మొదలుపెట్టండి, ఆడియో కాదు, సినిమా దృశ్యంతోనే చూడండి. బాణీ ఒంటబట్టాక మెలెర్ దగ్గరికి వెళ్ళండి. అప్పటికి చెవికి దారి తెలుసు కాబట్టి గరగర అడ్డం రాదు. వరస తిరగేస్తే చాలామంది మెలెర్ దగ్గరే ఆగిపోతారు. అలవాటున్నవాళ్ళు మాత్రం మెలెర్‌తోనే మొదలుపెట్టాలి. మొంతియెల్ నెమ్మది ఒకసారి చెవిలో నాటుకుంటే, మెలెర్ నడక తొందరగా అనిపించే ప్రమాదం ఉంది.

ఒక జాగ్రత్త. మొంతియెల్ ఈ పాటలను దశాబ్దాల పాటు వేదికల మీద, టీవీల్లో పాడుతూనే ఉంది. 1957, 1958 నాటి సినిమా రికార్డింగులే కావాలనుకుంటే సినిమా పేరు కూడా కలిపి వెతకండి.

## సిటీ లైట్స్: పేరు లేకుండా ప్రపంచం చుట్టిన రాగం

1926 ప్రాంతంలో చాప్లిన్ రకేల్ మెలెర్‌ను కలిశాడు, తన సినిమాలో ఆమె చేత నటింపజేయాలనుకున్నాడు. అది కుదరలేదు. ఆమె రాలేదు, ఆమె పాట వచ్చింది. సినిమాలో పూలమ్మే అంధురాలి ఆనవాలుగా 'లా వియొలెతెరా' బాణీని వాడుకున్నాడు. పదియా పేరు వేయలేదు. పదియా ఫ్రాన్స్‌లో దావా వేసి గెలిచాడు.

ఈ సంగతి చెప్పుకోకుండా పదియా వారసత్వం గురించి మాట్లాడడం నాకు సరికాదనిపిస్తుంది. సినీసంగీతంతో పెరిగిన మనకు ఇది బాగా తెలిసిన బాధే. పాట ఇంటింటికీ చేరుతుంది, కట్టినవాడి పేరు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. చాప్లిన్ మీద నాకు గౌరవం తక్కువేమీ కాదు. ఆ అమ్మాయికి సరైన స్వరం ఏదో అతనికి తెలుసు, అది తాను కట్టగలిగింది కాదనీ తెలిసే ఉండాలి. అప్పుడు పేరు వేయాల్సింది.

వినడానికి ఇది అన్నిటికన్నా సులువైన దారి. మాట లేదు, భాష అడ్డం లేదు, దృశ్యం తెలిసినదే. లోటేమిటంటే, ఇక్కడ పాట పూర్తిగా ఉండదు. బాణీ ముక్కలుగా వస్తుంది, సన్నివేశానికి తగ్గట్టు సాగుతుంది, ఆగుతుంది. పల్లవిలో ఆ పిల్ల మనవైపు తిరిగి బేరమాడే మలుపు కనపడదు. మంచి శబ్దంతో కావాలనుకునేవాళ్ళకి బ్రిటన్‌లో పనిచేసిన స్వరకర్త కార్ల్ డేవిస్ ఆ సంగీతాన్ని పునర్నిర్మించి చేయించిన రికార్డింగు ఉంది. 1931 శబ్దం కన్నా అందులో వాద్యాలు విడివిడిగా వినిపిస్తాయి.

1992లో వచ్చిన 'సెంట్ ఆఫ్ ఎ విమన్' సినిమాలోనూ ఇదే బాణీ టాంగో ప్రాజెక్ట్ బృందం వాయించగా ఉంది. అందులోని మరో టాంగోకే పేరొచ్చింది కాబట్టి చాలామంది దీన్ని గమనించరు. సినిమాలో కథానాయకుడు అంధుడు. ఎవరు ఎందుకు ఎంచారో గానీ, పొంతన చక్కగా కుదిరింది.

## వలెన్సియా, సా సె పారీ: కాలు కదిపే పదియా

ఇక్కడ ఇంకో పదియా ఉన్నాడు. 'లా బియెన్ అమాదా' అనే సార్సువేలా కోసం 1924లో కట్టిన 'వలెన్సియా' రెండేళ్ళలో ప్రపంచమంతా పాకింది. ఒకటీ రెండూ అంటూ అడుగు వేయించే లయ, ఊరి పేరును సాగదీసి పిలిచే పల్లవి. ఆ పిలుపు ఏ భాషలోకైనా మారకుండా వెళ్ళిపోతుంది, ఎందుకంటే అది ఊరి పేరే. పదియా ప్రపంచప్రసిద్ధికి నా దృష్టిలో ఇదే పెద్ద కారణం.

పారిస్‌లో దీన్ని మూలాన్ రూజ్ రాణి మిస్తాంగెత్ ఫ్రెంచి మాటలతో పాడింది. అమెరికాలో పాల్ వైట్‌మన్ వాద్యబృందం 1926లో రికార్డు చేసింది, అందులో ఫ్రాంక్లిన్ బౌర్ పల్లవి పాడతాడు. ఆ ఏడాది అమెరికాలో బాగా అమ్ముడైన రికార్డుల్లో అదొకటి. రెండూ పక్కపక్కన పెట్టి వినండి. మిస్తాంగెత్‌ది గొప్ప గొంతేమీ కాదు, కానీ ఒక మనిషి కనిపిస్తుంది. వైట్‌మన్‌లో మనిషి కాదు, నాట్యశాల కనిపిస్తుంది. పాట మొదలైన చాలాసేపటికి గాని గాయకుడు రాడు, వచ్చి వెళ్ళిపోతాడు. అప్పటి అమెరికన్ డాన్స్ రికార్డుల పద్ధతే అది.

'సా సె పారీ' మాత్రం మిస్తాంగెత్‌దే, వేరేవాళ్ళది వెతకనక్కర్లేదు. 'వలెన్సియా' గెలిచిన ఊపులో అదే కుదుటపడిన చేయి కట్టిన పాట. రెండూ వరసగా వింటే అన్నదమ్ముల పోలిక తెలిసిపోతుంది.

మెలెర్‌నూ మొంతియెల్‌నూ ఇష్టపడినవాళ్ళకి ఇవి కాస్త పైపైన ఉన్నట్టు అనిపించొచ్చు. నిజమే, ఇక్కడ కథ లేదు. ఉత్సాహం ఉంది, అంతే. అది తక్కువ పని అని నేననను. ముప్పై ఏళ్ళ తరువాత కూడా బ్యాండు మేళాలు దాన్ని వదల్లేదు.

## టెనర్లు, బ్యాండ్లు, ఒక సినీ హీరో

గాత్రం కోసమే వినేవాళ్ళకి ఇటాలియన్ టెనర్ తీతో స్కీపా పాడిన 'ప్రిన్సెసితా' మంచిది. నీలికళ్ళ చిన్న రాకుమారిని పొగిడే చిన్న ప్రేమగీతం. స్కీపా గొంతు బలం చూపించడు, నేర్పు చూపిస్తాడు. స్వరాన్ని నొక్కకుండా వదిలే తీరు కర్ణాటక సంగీతం వినేవాళ్ళకి ప్రత్యేకంగా నచ్చుతుందని నా నమ్మకం. 'వలెన్సియా'ను మారియో లాంజా పాడినది దీనికి పూర్తిగా ఎదురు, గొంతంతా తెరిచి పాడతాడు. ఒక్కసారి వినడానికి బాగుంటుంది, రెండోసారి నేను స్కీపా దగ్గరికే వెళ్తాను.

బ్యాండు రూపంలో 'ఎల్ రెలికారియో' స్పెయిన్ ఎద్దుల బరుల్లో మోగుతూనే ఉంటుంది. మాటలు తెలిశాక వినండి, ముందు వద్దు. లేకపోతే అది ఇంకో కవాతు పాటలా మిగిలిపోతుంది.

మూకీ చిత్రాల నాయకుడు రుడాల్ఫ్ వాలెంటీనో 1923లో 'ఎల్ రెలికారియో' పాడి రికార్డు చేశాడు. అంతకు ముందు ఏడాదే 'బ్లడ్ అండ్ శాండ్'లో ఎద్దుల పోరు వీరుడిగా నటించాడు, ఆ వీరుడూ బరిలోనే పోతాడు. 1926లో వాలెంటీనో చనిపోయాకే ఆ రికార్డు బయటికొచ్చింది. గొంతు మామూలుదే. కానీ తెర మీద ఎప్పుడూ మాట వినిపించని ఒక మనిషి గొంతు దొరకడమే విశేషం. పదియాను తెలుసుకోవడానికి ఇది ఎంచుకోవద్దు, వాలెంటీనోను తెలుసుకోవడానికి ఎంచుకోండి.

## సంకలనాలు కొనొచ్చా?

పదియా పేరుతోనో కుప్లేల పేరుతోనో చవక సంకలనాలు చాలా ఉన్నాయి. పాడిందెవరు, ఏ ఏడాది అన్న రెండు వివరాలూ లేని సంకలనాన్ని తీసుకోకండి. వాద్యబృందం పేరు కూడా లేకుండా ఏ పాటనైనా ఒకే మెత్తదనంతో వాయించిన రికార్డులే అందులో ఎక్కువ. పదియాను హోటల్ లాబీ సంగీతంగా మార్చింది అవే. స్వరకర్త గడిలో పదియా పేరు వేశారో లేదో కూడా చూడండి. వేసినవాళ్ళు మిగతా వివరాల్లో కూడా శ్రద్ధ పెట్టి ఉంటారు.

## మీరు ఏ రకం శ్రోత?

పాత తెలుగు సినిమా పాటల్లో సాహిత్యం కోసం వినేవాళ్ళకి 'ఎల్ రెలికారియో' కథ ముందు చదువుకుని, మెలెర్ రికార్డు వినమంటాను. పల్లవి రెండోసారి వచ్చేటప్పుడు మాట మారకుండా అర్థం మారడం మీకు కొత్త కాదు, అందుకే ఇది మీకు వెంటనే అందుతుంది.

సినిమాలే ప్రాణమనుకునేవాళ్ళు 'సిటీ లైట్స్'తో మొదలుపెట్టి, 1958 సినిమాలో మొంతియెల్ పాడిన అదే పాటకు వెళ్ళండి. ఒకే బాణీతో ఇద్దరు పూలమ్మాయిలు. ఒకరికి చూపు లేదు, ఇంకొకరి మీదనుంచి ఊరు చూపు తిప్పుకోదు.

స్పానిష్ నేర్చుకునేవాళ్ళు, హైదరాబాద్ ఇఫ్లూలో చదివేవాళ్ళయినా అమెరికాలో పని కోసం నేర్చుకుంటున్నవాళ్ళయినా, మొంతియెల్‌ను ఎంచుకోండి. ఆమె సాగదీత మీకు ఉపకారం. ప్రతి అక్షరం విడిగా వినిపిస్తుంది. కాగితం మీద మాటలు ముందు పెట్టుకుని వింటే రెండు పాటలూ తొందరగానే కంఠతా వస్తాయి.

పిల్లలకి వినిపించాలనుకుంటే 'వలెన్సియా', వైట్‌మన్‌ది. ఇంకేమీ చెప్పక్కర్లేదు.

డిస్కులు సేకరించేవాళ్ళు మెలెర్ పాత డిస్కుల మీద పడడానికి ముందు డిజిటల్ గ్రంథాలయాల్లో ఉన్నవాటిని విని, ఏది ఏ కాలపుదో తేల్చుకోండి. ఒకే పాటకు రెండు మూడు కాలాల రికార్డులు ఎదురైనప్పుడు అసలు సరదా అక్కడే ఉంది.

మాద్రిద్ వెళ్ళే పని పడితే, లాస్ విస్తీయాస్ తోటలో పూలబుట్టతో నిలబడ్డ పూలమ్మాయి విగ్రహం ఉంది, పదియా గౌరవార్థం పెట్టినది. బార్సెలోనాలో పారలెల్ వీధిలోనూ అలాంటి పూలమ్మాయే ఉంది, అది మెలెర్ స్మారకం. అల్మెరియాలో పెద్ద సంగీతశాలకు ఆయన పేరే పెట్టారు.

ఈ నాలుగు పాటలూ అలవాటైపోయి ఇంకా ఏముందని చూసేవాళ్ళకి ఒక దారి. 1950లో మాద్రిద్‌లో 'లా హెచిసేరా ఎన్ పలాసియో' అనే రివ్యూకి పదియా సంగీతం కట్టాడు. బ్యూనస్ ఐరిస్‌లో పుట్టి మాద్రిద్ రంగస్థలాన్ని ఏలిన సెలియా గామెస్ అందులో నాయిక. ఆ రివ్యూలోని 'ఎస్తుదియాంతీనా పోర్తుగేసా' ఆమె గొంతులో వినండి. అరవై దాటిన మనిషి కట్టిన పాటలా ఉండదు, 'వలెన్సియా' కట్టిన చేయి ఇంకా అంతే చురుగ్గా ఉంది.